సుబేదార్ రామ్‌జీకి పటాలం ఇచ్చిందేమిటి?

అంబేడ్కర్ జీవితచరిత్రల్లో సుబేదార్ రామ్‌జీ సక్పాల్‌కు సాధారణంగా ఒక అధ్యాయం దక్కుతుంది. కొడుకును తెల్లవారక ముందే నిద్రలేపి చదివించిన తండ్రిగా, అప్పుచేసి పుస్తకాలు తెచ్చిన తండ్రిగా ఆయన మనకు పరిచయం. సైనికుడిగా ఆయనను చూసినవారు తక్కువ. ఒక అస్పృశ్య కుటుంబం రెండు తరాలపాటు తుపాకీ మోసి ఏం సంపాదించుకుంది, బదులుగా ఏం చెల్లించింది అనేది తెలియాలంటే ఆ బతుకును సైనికుడి బతుకుగానే చదవాలి. దళిత, బహుజన కుటుంబాల పిల్లలు సైన్యంలో భర్తీ కోసం మసక చీకట్లో మైదానాల చుట్టూ పరుగులు తీస్తున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్న పాతబడలేదు.

రామ్‌జీ పూర్వీకుల ఊరు కొంకణంలోని అంబవడే. రత్నగిరి జిల్లా, మండన్‌గఢ్ తాలూకా. ఆ ఊళ్లో మహర్ కుటుంబానికి పుట్టుకతోనే పని నిర్ణయమై ఉంటుంది. పొలిమేర కాయాలి, వార్తలు మోయాలి, చచ్చిన పశువును ఈడ్చాలి. ఇందుకు ప్రతిఫలం ఇంటింటా అడుక్కునే రొట్టె. ఈ చాకిరీ నుంచి తప్పించుకునే దారి ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యం రూపంలో వచ్చింది. రామ్‌జీ తండ్రి మాలోజీ ఆ దారి పట్టారు. తర్వాత రామ్‌జీ పట్టారు. రామ్‌జీ భార్య భీమాబాయి తండ్రి కూడా ఠాణే జిల్లా ముర్బాడ్‌కు చెందిన సుబేదార్ మేజరే. అంటే భీమరావుకు అటు తాత, ఇటు తాత, తండ్రి ముగ్గురూ సిపాయిలే.

కంపెనీ అస్పృశ్యులను ఉద్ధరించడానికి పటాలంలోకి తీసుకోలేదు. దానికి మనుషులు కావాలి. బెంగాల్ సైన్యంలో అగ్రవర్ణాల ఆచారాలకు తలవంచిన ఆ తెల్లదొరలే బొంబాయి సైన్యంలో పలు కులాలవారిని ఒకే దళంలో నిలబెట్టారు. 1818 జనవరి 1న భీమా కోరేగావ్‌లో పేష్వా సేనను ఎదుర్కొన్న దళంలో మహర్ సిపాయిలు పెద్దసంఖ్యలో ఉన్నారు. అక్కడి స్తంభం మీద చెక్కిన మృతుల పేర్లలో 22 మహర్లవి. ఆ రోజు వారి వెంట ఉన్న రెండు ఫిరంగులు మద్రాసు సైన్యానివి. మన ప్రాంతానికీ ఈ చరిత్రలో వాటా ఉంది. కంపెనీ తొలినాళ్లలో ఇక్కడి నుంచి ఎంతమంది సిపాయిలుగా వెళ్లారంటే, ఉత్తరాదిలో సిపాయి అన్నమాటకు తిలంగా అనేది మారుపేరైపోయింది.

రామ్‌జీకి పటాలం ఇచ్చినవాటిలో తుపాకీ కన్నా విలువైనది బడి. సైన్యంలో సిపాయిలకూ వారి పిల్లలకూ చదువు తప్పనిసరి. ఆడపిల్లలకూ బడి ఉండేది, పెద్దలకు రాత్రిబడి ఉండేది. ఊరిబడి అరుగు ఎక్కనివ్వని కులం వాళ్లు కంటోన్మెంటు బడిలో అక్షరాలు దిద్దారు. రామ్‌జీ పూనాలో సైనిక ఉపాధ్యాయ శిక్షణ పొందారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడై, ప్రధానోపాధ్యాయుడిగా 14 ఏళ్లు పనిచేశారు. మరాఠీ మీద అధికారం, ఇంగ్లీషులో మంచి ప్రవేశం ఉండేవి. కబీరుపంథీ. జ్యోతిరావు ఫూలే అభిమాని. మధ్యభారతంలోని మౌ కంటోన్మెంటులో ఆయన కొలువులో ఉండగా 1891 ఏప్రిల్ 14న ఆ ఇంట పద్నాలుగో బిడ్డ పుట్టాడు. పద్నాలుగు మందిలో చివరికి మిగిలినవారు అయిదుగురు. సుబేదార్ ఇంటికి కూడా ఆ కాలం మృత్యువు నుంచి మినహాయింపు ఇవ్వలేదు.

భీమరావు పసివాడుగా ఉండగానే తలుపు మూసుకుంది. 1892-93లో బొంబాయి సైన్యంలోకి మహర్ల భర్తీని ప్రభుత్వం ఆపేసింది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ సేనాధిపతులకు వీరజాతుల సిద్ధాంతం ఒకటి పట్టుకుంది. కొన్ని కులాలే, కొన్ని ప్రాంతాలవారే యుద్ధానికి పనికివస్తారట. భారత సేనాధిపతిగా 1885 నుంచి 1893 దాకా ఉన్న రాబర్ట్స్ దాన్ని విధానంగా మార్చాడు. కులాలవారీగా దళాలు కట్టడం మొదలయ్యాక, అగ్రకుల సిపాయిల పక్కన అస్పృశ్యుడికి చోటు లేకుండా పోయింది. మద్రాసు సైన్యంలో తెలుగువారి భర్తీ కూడా ఆ శతాబ్ది చివర తరిగిపోయింది. రాజ్యాన్ని గెలిచేటప్పుడు అక్కరకు వచ్చిన చేతులు, రాజ్యం నిలదొక్కుకున్నాక అంటరానివయ్యాయి.

రామ్‌జీ ఊరుకోలేదు. నిషేధం తొలగించమంటూ ప్రభుత్వానికి పంపవలసిన విజ్ఞాపన రాయించడానికి జస్టిస్ రనడేను ఆశ్రయించారు. విశ్రాంత మహర్ సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో మరో విజ్ఞాపన సిద్ధం చేశారు. తర్వాత 1910లో శివరాం జన్బా కాంబ్లే నాయకత్వాన మరొకటి ఇంగ్లండులోని భారత మంత్రికి వెళ్లింది. ఈ విజ్ఞాపనలన్నిటి స్వభావం దాదాపు ఒకటే. మా తాతలు మీకోసం ఫలానాచోట ప్రాణాలిచ్చారు, మేము విశ్వాసపాత్రులం, మమ్మల్ని మళ్లీ తీసుకోండి. వలంగ్‌కర్ ఒక అడుగు ముందుకువేసి, అస్పృశ్యులు ఒకప్పుడు క్షత్రియులేనని, కాలవశాన దిగజార్చబడ్డారని వాదించారు. కొలువు మీద హక్కు చూపించడానికి మనిషిగా పుట్టడం చాలలేదు. రాజభక్తి రుజువుచేయాలి, వీలయితే వర్ణవ్యవస్థలోనే పైమెట్టు ఒకటి వెతుక్కోవాలి. సైనికోద్యోగానికి చెల్లించిన మూల్యాల్లో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. అలాగని ఆ పెద్దలను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆకలిగొన్న జాతికి దొరికిన ఒకే ఒక్క ద్వారం వద్ద నిలబడి వారు తట్టారు.

విశ్రాంతి తీసుకున్న రామ్‌జీ కుటుంబంతో దాపోలీకి, అక్కడి నుంచి సతారాకు చేరారు. కంటోన్మెంటు గోడ దాటగానే సుబేదార్ మళ్లీ మహర్ అయ్యారు. సతారాలో భీమాబాయి కన్నుమూశారు. అక్కడి బడిలో భీమరావు ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద వేరుగా కూర్చునేవాడు. దాహమైతే బంట్రోతు నీళ్లు పోయాలి. బంట్రోతు రాని రోజు నీళ్లు లేవు. మంగలి ముట్టుకోడు కనుక అక్క జుట్టు కత్తిరించేది. తండ్రి ఛాతీ మీది పతకాలు ఇందులో దేన్నీ మార్చలేదు.

1901 నాటి ప్రయాణం చాలామందికి తెలుసు. అయినా సైనికుడి ఇంటి సంగతిగా దాన్ని మళ్లీ చూడాలి. కరువు పనుల్లో భాగంగా చెరువు తవ్విస్తున్న గోరేగావ్‌లో రామ్‌జీ అప్పుడు ఖజానాదారు. సెలవులకు రమ్మంటే పిల్లలు కొత్త బట్టలు కుట్టించుకుని రైలెక్కారు, మసూర్ స్టేషన్లో దిగారు. వారి దుస్తులు చూసి స్టేషన్ మాస్టరు బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. మహర్లమని చెప్పగానే ముఖం మార్చుకున్నాడు. తండ్రి పంపవలసిన మనిషి రాలేదు. జాబు అందిన నౌకరు ఆయనకు చెప్పడం మరిచాడు. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాళ్లు రాలేదు. చివరికి ఒకడు, పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానంటూ ఒప్పుకున్నాడు. దారిలో టోలు వసూలుచేసే మనిషి గుడిసె వద్ద ముస్లిములమని చెప్పి అడిగినా గుక్కెడు నీళ్లు దొరకలేదు. డబ్బా నిండా అన్నం ఉంది, నీళ్లు లేక రాత్రంతా పస్తున్నారు. ఆ బట్టలు, ఆ అన్నం, బండికి రెట్టింపు ఇవ్వగల డబ్బు, అన్నీ సుబేదార్ సంపాదనే. ఆ సంపాదనతో కొనలేనిది నీళ్లు మాత్రమే.

1904లో కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లో కార్మికులుండే చాల్‌లో ఒకే గది. వంటా, పడకా, చదువూ అందులోనే. తండ్రీకొడుకులు వంతులవారీగా నిద్రపోయేవారు. రామ్‌జీ అర్ధరాత్రి దాటేదాకా మేల్కొని రెండు గంటలకు కొడుకును లేపేవారు. కొడుకు పుస్తకం అడిగితే పెళ్లయిన కూతుళ్ల ఇళ్లకు వెళ్లేవారు. నగ ఒకటి తెచ్చి తాకట్టు పెట్టి, పింఛను రాగానే విడిపించి ఇచ్చేవారు. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివి 1907లో భీమరావు మెట్రిక్ గట్టెక్కాడు.

ఈ పింఛను దగ్గర కొంచెం ఆగాలి. మన కాలపు సైనికభర్తీ చర్చల్లో యూనిఫాం గౌరవం, దేశభక్తి వినిపిస్తాయి గానీ, అంబేడ్కర్‌ను బడిలో నిలబెట్టింది తండ్రి యూనిఫాం కాదు. సైన్యంలో దొరికిన చదువు, విరమించాక కూడా నెలనెలా ఆగని పింఛను. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్‌లో కొలువు నాలుగేళ్లు. ఆ తర్వాత కొనసాగేది 25 శాతానికి మించరు. మిగిలినవారికి ఒకేసారి ఇచ్చే కొంత మొత్తం తప్ప పింఛను లేదు. సికింద్రాబాద్ స్టేషన్లో ఆ నెలలో చెలరేగిన ఆగ్రహంలో ఒక యువకుడి ప్రాణం పోయింది. అతడి వయసు వారు రైళ్లకు నిప్పు ఎందుకు పెట్టారో అడిగినవారే ఎక్కువ. పింఛను లేని రామ్‌జీ ఏ నగ తాకట్టు పెట్టి, దేనితో విడిపించేవారని అడిగినవారు అరుదు.

తండ్రి కొలువు నేర్పిన పాఠాన్ని కొడుకు రెండు వైపుల నుంచీ చదివాడు. 1927 జనవరి 1న కోరేగావ్ స్తంభం వద్దకు వెళ్లి ఆ సిపాయిల సాహసాన్ని తన ప్రజలకు గుర్తుచేశాడు. మూడేళ్లకు లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో, సైన్యం తలుపు తమకు మూసే ఉందని, బ్రిటిషు పాలన దాన్ని తెరిచిందా అని పాలకుల ముఖం మీదే అడిగాడు. ఆ సిపాయిల శౌర్యాన్ని గౌరవించడం వేరు, వారిని వాడుకున్న రాజ్యానికి కృతజ్ఞత చూపడం వేరు అని ఆయనకు స్పష్టంగా తెలుసు.

ఇదంతా చూడటానికి రామ్‌జీ లేరు. 1913 జనవరిలో భీమరావు బరోడా సంస్థానంలో కొలువుకు వెళ్లాడు. ఆ ఊరి కులపట్టింపు తెలిసిన తండ్రికి అది ఇష్టం లేదు. రోజులు గడవకుండానే జబ్బు కబురు అందింది. కొడుకు బొంబాయి చేరేసరికి సుబేదార్ చివరి ఘడియల్లో ఉన్నారు. ఫిబ్రవరి 2న కన్నుమూశారు. అదే ఏడాది బరోడా మహారాజు వేతనంతో భీమరావు న్యూయార్క్ వెళ్లాడు.

1917లో ప్రపంచయుద్ధానికి మనుషులు చాలక ప్రభుత్వం మహర్లను మళ్లీ పిలిచి 111వ మహర్ దళాన్ని నిలబెట్టింది. యుద్ధం ముగిశాక 1921లో రద్దుచేసింది. ఆ 1917లోనే, ఒప్పందం ప్రకారం బరోడాకు తిరిగివచ్చిన డాక్టర్ అంబేడ్కర్‌ను మహారాజు తన సైనిక కార్యదర్శిగా నియమించారు. కచేరీలో బంట్రోతులు దస్త్రాలను ఆయన బల్ల మీదికి దూరం నుంచి విసిరేవారు. పేరు మార్చుకుని పార్సీ సత్రంలో తలదాచుకుంటే పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఊళ్లో ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. సుబేదార్ రామ్‌జీ కొడుకు, మహారాజావారి సైనిక కార్యదర్శి, రాత్రి రైలు వేళయ్యేదాకా కామాఠీ బాగ్‌లో ఒంటరిగా కూర్చుని, బొంబాయి బండెక్కాడు.