నాన్న కొట్టిన దెబ్బలు

మార్టిన్ లూథర్ అనగానే మనకు 1517, విటెన్‌బర్గ్ చర్చి తలుపు గుర్తొస్తాయి. పోపునే ఎదిరించిన ఆ దైవజనుడు చిన్నతనంలో తండ్రి దెబ్బలకు జడిసి పారిపోయిన పిల్లవాడు. జర్మనీలోని మాన్స్‌ఫెల్డ్‌లో రాగి గనుల వ్యాపారం చేసే హాన్స్ లూథర్ ఒకసారి కొడుకును ఎంతగా కొట్టాడంటే, తర్వాత వాణ్ణి మచ్చిక చేసుకోవడానికి ఆయనే నానా తంటాలు పడాల్సి వచ్చింది. ఒక్క గింజ కోసం తల్లి రక్తం వచ్చేలా కొట్టింది. దెబ్బలు తిని పెరిగిన మగవాళ్లు సాధారణంగా ఈ సంగతులు నోరువిప్పి చెప్పరు. లూథర్ మాత్రం భోజనబల్ల దగ్గర అందరి ముందూ చెప్పాడు. అమ్మానాన్నలు తన మేలు కోరే కొట్టారన్నాడు, కానీ ఆ కాఠిన్యమే తనను మఠంలోకి తరిమిందనీ దాచలేదు. బెత్తం పక్కన ఆపిల్ పండు కూడా ఉండాలన్నది ఆయన అభిప్రాయం. బెత్తమే వద్దనలేదు, అది వేరే సంగతి!

1505లో న్యాయశాస్త్రం చదువు మానేసి మఠంలో చేరినప్పుడు తండ్రి మండిపడ్డాడు. అక్కడ లూథర్‌కు దేవుడు చాలాకాలం శిక్షించే న్యాయాధిపతిగానే కనిపించాడు. పరలోకపు తండ్రి ప్రేమ ఆయనకు అంత సులువుగా అర్థం కాలేదు మరి. 1521లో మఠ ప్రమాణాలపై రాసిన పుస్తకాన్ని తండ్రికే అంకితమిచ్చాడు. 1526లో పుట్టిన తొలి కొడుక్కి తాత పేరే పెట్టాడు.

1530 జూన్‌లో కోబర్గ్ కోటలో ఉండగా తండ్రి మరణవార్త అందింది. కీర్తనల గ్రంథం తీసుకుని గదిలోకెళ్లి తనివితీరా ఏడ్చాడు. ఆ నెలలోనే నాలుగేళ్ల కొడుక్కి ఒక ఉత్తరం రాశాడు. అందులో బెదిరింపు లేదు. ఆపిల్ పండ్లు, చెర్రీలు, బంగారు కళ్లేల చిన్న గుర్రాలు ఉన్న ఒక అందమైన తోట కథ ఉంది.