రహీం సాహెబ్ - మైదానంలో ఒక ఉపాధ్యాయుడు

భారత ఫుట్‌బాల్ చరిత్రలో రహీం సాహెబ్‌గా ప్రసిద్ధి పొందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయులు. మన పాఠశాల ప్లాటినం ఉత్సవ వేళ ఆ మహనీయుని స్మరించుకొనడం సముచితమని భావిస్తున్నాను.

1909లో హైదరాబాదులో జన్మించిన రహీం, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొంటూ అక్కడి జట్టులో ఆడి పేరు గడించారు. పట్టభద్రులైన పిమ్మట కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో బోధించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శి అయ్యారు. ఆటగాని లోపమేదో గుర్తించి, దానినే సాధన చేయించడం ఆయన పద్ధతి. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలసిన పోటీలు సైతం నిర్వహించారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోరంగా ఓడింది. మనవారిలో చాలామంది నాడు బూట్లు లేకుండానే ఆడారు. రహీం ఆ పరాభవాన్ని పాఠంగా స్వీకరించి, జట్టుకు కొత్త వ్యూహాలు అలవరచారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నాలుగవ స్థానంలో నిలిచింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళేనాటికి క్యాన్సర్ ఆయనను క్షీణింపజేస్తున్నది. తొలి పోటీలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించింది. రహీం నిరుత్సాహపడలేదు. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసకు మార్చారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో, ప్రేక్షకులలో అధికులు మనకు ప్రతికూలంగా కేకలు వేస్తుండగా, అదే కొరియాను 2-1తో జయించారు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేశారు.

1963 జూన్ 11న, 53 ఏండ్ల వయసులో రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తరువాత భారత్‌కు మరల దక్కలేదు.

ఫలితాల దినాన, తప్పిన బిడ్డ చేయి పట్టుకొని తలదించుకొని నా గదికి వచ్చే తల్లిదండ్రులను ఏటా చూస్తుంటాను. వారికి నేను జకార్తా కథే చెబుతాను. తొలి పోటీలో ఓడిన జట్టే తుది పోటీలో గెలిచింది. ఈ రెండింటి నడుమ దానిని విడువని ఒక గురువు ఉన్నారు. ఆ స్థానంలో నిలవవలసినది మనమే.