సోఫీ జెర్మేన్

విశ్వవిద్యాలయపు గడప త్రొక్కకయే అచ్చటి గణితపాఠములను ఇంట కూర్చుండి చదివి, అచ్చటి ఆచార్యులచే మెప్పు పొందిన స్త్రీ సోఫీ జెర్మేన్. ఈమె 1776వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి పట్టు వర్తకుడు, కలిగిన కుటుంబము. 1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగెను. వీధులలో అల్లరులు మిక్కుటమగుటచే పదుమూడేండ్ల ఆ బాలికకు ఇల్లు వెడలుటకు వీలులేకపోయెను. ఆ ఇంట తండ్రి కూర్చుకొనిన గ్రంథాలయ మొకటి యుండుట ఆమె భాగ్యము.

అందు మోంటుక్లా రచించిన గణితశాస్త్ర చరిత్ర ఆమె కంటబడెను. సిరాక్యూస్ పట్టణము శత్రువుల వశమైనప్పుడు ఆర్కిమిడీసు తన రేఖాచిత్రములయందు లీనుడై యుండి, రోమను సైనికుని చేత హతుడయ్యెనను కథ అందు గలదు. ప్రాణభయమును సైతము మరపించు ఆ శాస్త్రమెట్టిదో తెలిసికొనవలెనని ఆమెకు పట్టుదల కలిగెను. ఆడుపిల్ల కిట్టి చదువు తగదని తల్లిదండ్రులు తలచిరి. రాత్రులయందు చదువకుండుటకై ఆమె గదిలోని నిప్పును, దీపమును, వెచ్చని దుస్తులను తీసివేయుచుండిరట. అయినను ఆమె దాచుకొనిన క్రొవ్వొత్తుల వెలుగున, కంబళి కప్పుకొని, బుడ్డిలోని సిరా గడ్డకట్టునంతటి చలిలో లెక్కలు చేసికొనుచుండెను. అది చూచిన పిమ్మట వారు అడ్డు చెప్పుట మానిరి. తరువాత తండ్రి జీవితాంతము ఆమె పోషణభారము వహించెను. మనసు మార్చుకొనుట యనిన అట్లుండవలెను. న్యూటను, ఆయిలరుల గ్రంథములను చదువుటకై లాటిను భాషను గూడ ఆమె తనంతట తానే నేర్చుకొనెను.

1794లో పారిస్‌నందు ఎకోల్ పాలిటెక్నిక్ అను మహావిద్యాలయము నెలకొల్పబడెను. అందు స్త్రీలకు ప్రవేశము లేదు. అయితే ఉపన్యాసముల ప్రతులు వెలుపలివారికి సైతము లభించుచుండెను; పాఠము ముగిసిన పిమ్మట విద్యార్థులు తమ పరిశీలనలను వ్రాసి ఆచార్యునకు పంపు ఆచారము గలదు. సోఫీ ఆ ప్రతులను సంపాదించి చదివి, లెబ్లాన్ అను విద్యార్థి పేరిట తన వ్రాతను గణితాచార్యుడగు లగ్రాంజికి పంపెను. ఆ మహాపండితుడు అది చూచి అచ్చెరువొంది, వ్రాసినది స్త్రీ యని తెలిసిన పిమ్మట స్వయముగా వచ్చి అభినందించెను.

1804లో అదే మారుపేరుతో జర్మనీ దేశపు గౌసునకు సంఖ్యాశాస్త్రమును గూర్చి జాబులు వ్రాయ నారంభించెను. 1806లో ఫ్రెంచి సేనలు గౌసు నివసించు బ్రన్స్విక్‌ను ఆక్రమింపగా, ఆర్కిమిడీసు గతియే ఆయనకును పట్టునేమో యని భయపడి, తమ కుటుంబమిత్రుడగు సేనాని పెర్నెటీని ఆయన క్షేమము విచారింప గోరెను. తనకొరకు విచారించిన సోఫీ యెవరో గౌసునకు తెలియలేదు. మరుసటి యేడు ఆమె నిజము తెలుపగా ఆయన గౌరవము ఇనుమడించెనే కాని తగ్గలేదు.

అయితే మెప్పు వేరు, శిక్షణ వేరు. కళాశాలలోని విద్యార్థి ఉదయము చేసిన తప్పును సాయంకాలమునకు గురువో తోడివాడో దిద్దును. ఈమెకు ఆ భాగ్యము లేదు. 1808లో క్లాడ్నీ పారిస్‌నకు వచ్చి, లోహపు పలకపై ఇసుక చల్లి, అంచున కమాను లాగి, ఆ కంపనములచే ఇసుక చిత్రవిచిత్రములైన రేఖలుగా కూడుటను ప్రదర్శించెను. నెపోలియను ప్రోద్బలముతో విజ్ఞానపరిషత్తు దాని గణితకారణమునకు బహుమానము ప్రకటించెను. 1811లో వచ్చిన వ్యాసము సోఫీది ఒక్కటియే. ఊహ చక్కనిదే, కాని సమీకరణమును రాబట్టుటలో తప్పు దొర్లెను. పరీక్షకులలో నొకడగు లగ్రాంజి దానిని దిద్దెను. క్రమముగా చదివియుండినచో ఆ తప్పు పడియుండదు. 1813లో ప్రశంస మాత్రము లభించెను. పట్టువిడువక మూడవమారు వ్రాయగా 1816లో బహుమానము దక్కెను. అప్పటికిని కొన్ని లోపములు మిగిలియుండెను. బహుమాన సభకు ఆమె వెళ్ళలేదు.

సంఖ్యాశాస్త్రమున ఆమె కృషి యింతకంటె దృఢమైనది. 11 ప్రధానసంఖ్య, దానిని రెట్టించి ఒకటి కలిపిన 23, అదియును ప్రధానసంఖ్యయే. ఇట్టి బేసి ప్రధానసంఖ్య ఘాతముగా నున్నప్పుడు ఫెర్మా సమీకరణమునకు సాధన యున్నచో, అందలి మూడు సంఖ్యలలో ఒకటి ఆ ఘాతముచే భాగింపబడి తీరవలెనని ఆమె నిరూపించెను. లెజాండ్రు దానిని ఆమె పేరుతోనే ప్రకటించెను. ఫెర్మా సిద్ధాంతము పూర్తిగా నిరూపితమై అచ్చుపడినది 1995లో. 2, 3, 5, 11, 23 మొదలగు అట్టి సంఖ్యలకు ఆమె పేరే నిలిచినది.

1829లో రొమ్ముపుండు వ్యాధి సోకెను. బాధలోను పని మానక, 1831 జూన్ 27న మరణించెను. మరణపత్రమున ఆమె వృత్తిగా గణితశాస్త్రము వ్రాయబడలేదు. ఆస్తిపై వచ్చు రాబడితో జీవించు స్త్రీ యని మాత్రము వ్రాసిరి.