మిట్టూరోడికి పలమనేరు దండాలు

నామిని సుబ్రమణ్యం నాయుడు కతలు రాయబట్టి నాలుగు దశాబ్దాలు. శాలువా కప్పి, ఫొటో దిగి, ఆటో ఎక్కించి పంపించేసే రకం సన్మానం ఆయనకు అతకదు. అందుకే పలమనేరు నించి ఈ నాలుగు మాటలు.

ఆయన ఊరు మిట్టూరు తిరుపతి దగ్గర. మాకూ తిరుపతికీ నడాన నూరు కిలోమీటర్లకు పైనే. 2022లో జిల్లా కూడా వేరైపోయింది. మాది కన్నడం, అరవం రాసుకు తిరిగే సరిహద్దు తెలుగు. అయినా నామిని కతల్లోని సినబ్బను పంచుకునే పని ఏ కలెక్టరుకూ పడలేదు. ఆయన రెండు జిల్లాలకూ చుట్టమే.

ఈ సీమలో కతకు పెద్దదిక్కు మధురాంతకం రాజారాం. 1993లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న ఆ దామలచెరువు పంతులుగారిది మెత్తటి చిరునవ్వు. నామినిది అట్లా కాదు. కయ్యల్లో, వాకిళ్లలో అమ్మలు మాట్లాడే మాటను తిట్లతో సహా తెచ్చి అచ్చులో కూర్చోబెట్టినాడు. ‘పచ్చనాకు సాక్షిగా’లో ఉండేది కూటికి కటకటలాడే సేద్యగాళ్ల సంసారం. నవ్వు వస్తుంది, వచ్చినందుకు సిగ్గూ వేస్తుంది. గట్టున నిలబడి చేసే ఎగతాళి కాదది. కష్టంలో ఉన్నోళ్లు తమ మీద తామే వేసుకునే జోకు. మా వైపు టమోటా ధర పడిపోయిన రోజున, బాక్సులకు బాక్సులు రోడ్డు వారన పారబోసిన రైతే టీ అంగడికి వచ్చి అందర్నీ నవ్విస్తాడు. అప్పు సంగతి మాత్రం ఎత్తడు. ‘మునికన్నడి సేద్యం’ చదివినోళ్లకు ఆ నవ్వు ఎక్కణ్ణించి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆంధ్రజ్యోతి వారపత్రికకు సంపాదకుడుగా పనిచేసిన మనిషి. ఆయన కతలకు బాపు బొమ్మలు వేసినాడు. అంత పేరొచ్చినాక ఇంకొకరైతే కుర్చీ వదలరు. ఈయన సొంతంగా పుస్తకాలు అచ్చేసుకుని, బడుల చుట్టూ తిరిగి, పిలకాయల ముందర నిలబడి మాట్లాడి, వాళ్లు కొనగలిగే ధరకు అమ్మినాడు. ‘చదువులా చావులా’ అని పెద్దోళ్లను నిలదీసినాడు, ‘పిల్లల భాషలో ఆల్జీబ్రా’ కూడా రాసినాడు. కతలు రాసేవాడికి లెక్కలెందుకని అడిగితే ఏమంటాడో మనం ఊహించుకోవచ్చు! తన గురించి తాను రాసుకున్న పుస్తకానికి ‘నంబర్ వన్ పుడింగి’ అని పేరు పెట్టుకునే గుండె ఇంకెవరికుంది?

ఒక మాట చెప్పకపోతే ఇది వట్టి భజన అవుతుంది. చదువుల మీద రాసేటప్పుడు ఆయన గొంతు ఒక్కోసారి కతను మింగేస్తుంది. నాకైతే ఉపన్యసించే నామిని కన్నా, పక్కకు తప్పుకుని అమ్మ చేత మాట్లాడించే నామినే ఇష్టం. ‘మూలింటామె’ నవలలో ఆ రెండోవాడే కనపడతాడు. వయసు ముదిరేకొద్దీ రచయితలు మెత్తబడతారంటారు, ఈయన మాత్రం ఇంకా పదునెక్కినాడు.

నామినీ, నూరేళ్లు చల్లగా ఉండన్నా. తిట్టేది మాత్రం మానొద్దు.

ఇక చదివేవాళ్లకు ఒక మనవి. ‘పచ్చనాకు సాక్షిగా’తో మొదలుపెట్టండి. ఇంట్లో ముసలోళ్లకు వినపడేట్టు గట్టిగా చదవండి. ఒకరి దగ్గర అడిగి తెచ్చుకోవద్దు, కొనుక్కునే చదవండి.