కెంపు వన్నె బంగారం

లండన్ నగరంలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ భవనంలో కొన్ని చిన్న గాజుసీసాలు భద్రంగా ఉన్నాయి. వాటిలోని ద్రవం కెంపు రంగులో మెరుస్తూ ఉంటుంది. చూసినవారు దానిని ద్రాక్షరసమని భ్రమపడితే ఆశ్చర్యం లేదు. నిజానికి అది బంగారం. మైకేల్ ఫారడే 1856 నాటి ప్రయోగాలలో తయారుచేసిన ఆ ద్రవాల వన్నె నేటికీ మాయలేదు.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ సమీపంలోని న్యూయింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి; అనారోగ్యం వల్ల అతనికి కొలిమి పని కూడా సరిగా సాగేది కాదు. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు తప్ప ఫారడేకు బడిచదువు అబ్బలేదు. పదమూడవ ఏట జార్జ్ రీబో అనే పుస్తకాల వర్తకుని వద్ద పనికి కుదిరి, ఆపై ఏడేళ్లపాటు పుస్తకాలు బైండు చేసే విద్య నేర్చుకున్నాడు. బైండింగుకు వచ్చిన గ్రంథాలకు అట్టలు వేయడంతో ఆ బాలుడు తృప్తిపడలేదు, వాటిని చదివాడు. జేన్ మార్సెట్ రాసిన రసాయనశాస్త్ర సంభాషణలు, విజ్ఞానసర్వస్వంలోని విద్యుత్తు వ్యాసం అతని మనస్సును మరోదారి పట్టించాయి.

1812లో ఒక ఖాతాదారు దయతో ఇచ్చిన టిక్కెట్లతో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగింటిని వినగలిగాడు. విన్నదంతా బొమ్మలతో సహా రాసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. నేర్చిన వృత్తి ఆ విధంగా అక్కరకు వచ్చింది. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రయోగశాల సహాయకుడుగా చేరాడు. డేవీ దంపతుల వెంట ఐరోపా పర్యటించినప్పుడు సేవకుని పనులు కూడా చేయవలసి వచ్చింది. 1825లో బెంజీన్‌ను, 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న చరిత్ర విద్యార్థులకు పరిచితమే. ఆ కీర్తి చాటున మరుగుపడినవి బంగారంపై చేసిన ప్రయోగాలు.

అప్పటికి ఆయన వయస్సు అరవై నాలుగు. 1840 ప్రాంతం నుంచి తలతిరుగుడు, మతిమరపు ఆయనను వెంటాడుతున్నాయి. నిన్న చేసిన ప్రయోగం నేడు గుర్తుండని స్థితి శాస్త్రజ్ఞునికి ఎంతటి శాపమో ఊహించవచ్చు. ఆయన ఆ శాపాన్ని కాగితంతో ఎదుర్కొన్నాడు. ఏళ్ల తరబడి ప్రతి పరిశీలననూ వరుస సంఖ్య వేసి దినచర్య పుస్తకంలో రాసుకున్నాడు. ఆ సంఖ్యలు పదహారు వేలు దాటాయి.

కాంతికీ పదార్థానికీ గల సంబంధం ఏమిటన్నది ఆయన ప్రశ్న. అందుకు బంగారాన్ని ఎన్నుకోవడంలో ఔచిత్యం ఉంది. సాగగొడితే ఇంత పలచనయ్యే లోహం మరొకటి లేదు. ఫారడే వాడిన రేకు మందం అంగుళంలో 2,82,000వ వంతు. అంటే కాంతి తరంగదైర్ఘ్యం కన్నా తక్కువ. పసిడి అన్న మాటలోనే పసుపుదనం ఉంది కదా! ఆ రేకును వెలుగుకు అడ్డుపెట్టి చూస్తే ఆకుపచ్చని కాంతి కనిపిస్తుంది. ఇంకా పలుచని పొర కోసం ఆయన బంగారు క్లోరైడు ద్రావణంపై భాస్వరాన్ని ప్రయోగించాడు. 1856 ఫిబ్రవరిలో ఆ పొరలను కడుగుతుండగా నీరు లేత కెంపు రంగుకు తిరిగింది. మరొకరైతే కడుగునీరని పారబోసి ఉండేవారు.

ఆ నీటిలోకి కటకంతో సూర్యకిరణాలను కేంద్రీకరిస్తే కాంతి దారి శంకువులా కనిపించింది. నిజమైన ద్రావణంలో అలా కనిపించదు. చిటికెడు ఉప్పు వేస్తే ఎరుపు నీలమైంది. జెలటిన్ కలిపితే మాత్రం ఉప్పు ప్రభావం అంతగా పనిచేయలేదు. ఎర్రరంగు ఏదో బంగారు సమ్మేళనానిది కాదనీ, లోహరూపంలోనే ఉన్న అతిసూక్ష్మ స్వర్ణరేణువులదనీ ఆయన నిశ్చయించాడు. రేణువుల పరిమాణం మారితే రంగు మారుతుందని గ్రహించాడు. అయితే నాటి మేలైన సూక్ష్మదర్శిని కూడా ఆ రేణువును చూపలేకపోయింది. కంటికి కనపడనిదానిని ఉన్నదని ప్రకటించడం చిన్న సాహసం కాదు. 1857 ఫిబ్రవరి 5న రాయల్ సొసైటీలో బేకరియన్ ఉపన్యాసంగా ఈ ఫలితాలను వెల్లడించినప్పుడు, ఆశించిన సమాధానం పూర్తిగా దొరకలేదన్న సంగతిని ఆయన దాచలేదు.

రాయల్ సొసైటీ అధ్యక్షపదవి వరించి వచ్చినా ఆయన కాదన్నాడు. సర్ బిరుదునూ నిరాకరించాడు. జ్ఞాపకశక్తి క్రమంగా సన్నగిల్లగా బాధ్యతలను ఒక్కొక్కటిగా వదులుకుని, 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులోని ఇంట కన్నుమూశాడు.

1903లో రిచర్డ్ జిగ్మాండీ, హెన్రీ సీడెంటాఫ్ అతిసూక్ష్మదర్శినిని లోకానికి పరిచయం చేశారు. చీకటి నేపథ్యంలో పక్కనుంచి కాంతిని ప్రసరింపజేయగా, ఒక్కొక్క స్వర్ణరేణువు వెలుగుచుక్కగా కనిపించింది. ఫారడే ఊహ నిజమైంది. జిగ్మాండీకి 1925 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

1971లో ఫాల్క్, టేలర్ అనే పరిశోధకులు స్వర్ణరేణువులను ప్రతిరక్షకాలకు అంటించి, సాల్మొనెల్లా సూక్ష్మజీవి ఉపరితలంపై ఉన్న ప్రతిజనకాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో గుర్తించారు. ప్రతిరక్షకం తనకు తగిన ప్రోటీన్‌నే వెతికి పట్టుకుంటుంది. దానితోపాటు బంగారమూ అక్కడికి చేరుతుంది. జీవకణంలో ఉన్నవి ఎక్కువగా తేలికైన మూలకాలు. బంగారం సాంద్రత అధికం కనుక ఎలక్ట్రాన్లను బలంగా చెదరగొట్టి నల్లని చుక్కగా కనిపిస్తుంది. ఒక ప్రోటీన్‌కు 5 నానోమీటర్ల రేణువును, మరొకదానికి 15 నానోమీటర్ల రేణువును గుర్తుగా పెడితే, ఒకే జీవకణంలో రెండింటి నెలవులనూ వేరువేరుగా తెలుసుకోవచ్చు.

ఈ పనికి ముందు చిన్న పరీక్ష ఒకటి చేస్తారు. కొన్ని గొట్టాలలో ఎర్రని బంగారు ద్రవం పోసి, వాటిలో ప్రోటీన్‌ను వేరువేరు మోతాదులలో కలుపుతారు. ఆపై అన్నింటిలో ఉప్పునీరు వేస్తారు. ప్రోటీన్ చాలని గొట్టంలో రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ద్రవం నీలమవుతుంది. ఎరుపు చెడకుండా నిలిచిన గొట్టాలలో దేనిలో ప్రోటీన్ అతి తక్కువో చూసి, ఆ మోతాదును ఆధారంగా తీసుకుంటారు.