సర్వాయి పాపన్న: దుర్దినములకై యాతడు చేసిన సన్నాహము

ప్రతివత్సరము జరుగు మన మహాసభలలో సర్వాయి పాపన్న నామమును స్మరింపని యుపన్యాసకుడు లేడు. అయినను నామమును స్మరించుట వేఱు, చరిత్రము నెఱుగుట వేఱు. స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతమున నివసించు మనకు ఆతని కోటలు రెండును కూతవేటు దూరమున నున్నవి. ఒకటి తాటికొండ గుట్టమీదిది, రెండవది ఖిలాషాపురములోనిది. బాలురు వానిని చూచి, వీనిని కట్టినవా డెవడు, ఏల కట్టెనని యడిగినచో మనము చెప్పవలసిన సమాధానమే యీ వ్యాసము.

మొదట కాలస్థితిని గ్రహింపవలెను. గోలకొండ కుతుబుషాహీ ప్రభువుల పాలనలో ప్రజలు సుఖపడిరో లేదో కాని, ఆ పాలన వారికి పరిచితమైనది. 1686వ సంవత్సరమున మంత్రులైన అక్కన్న మాదన్నలు హతులైరి. మఱుసటి యేట ఔరంగజేబు ఎనిమిది నెలలు గోలకొండను ముట్టడించి, 1687 సెప్టెంబరులో లోపలివాని ద్రోహముచే తెఱవబడిన ద్వారముగుండ దానిని వశపఱచుకొనెను. కడపటి సుల్తాను అబుల్ హసను దౌలతాబాదునకు బందీగా పోయెను. ఉన్నతోద్యోగములు ఉత్తరమునుండి వచ్చినవారి పాలయ్యెను. జిజియా పన్ను విధింపబడెను. అదే దశాబ్దమున కరవును, మహమ్మారియు దేశమును పీడించెను. క్రొత్త ప్రభుత్వ మేమి చేయునో, ఎంత తీసికొనునో యని పల్లెపల్లెను భయము వ్యాపించెను. సంపన్నులు సొమ్ము పాతిపెట్టుకొనిరి; జమీందారులు కొందఱు క్రొత్త ప్రభువులకు నజరానాలు మోసిరి. పేదవాడు మాత్రము ఎప్పటివలెనే చెట్టెక్కుచు, దున్నుచు, దైవముపై భారము వైచి యూరకుండెను. పాపన్న యూరకుండలేదు.

ఆతడు 1650వ సంవత్సరమున ఆగస్టు 18వ తేదిని జన్మించెనని మనవారిలో సంప్రదాయము. తల్లి పేరు సర్వమ్మ. మోకును ముత్తాదును ధరించి తాళ్ళు గీయుమని తల్లి చెప్పగా, కొడుకు సమ్మతింపక కోటలను కొట్టుదు ననెనని జానపదగాథ చెప్పుచున్నది. గీతవృత్తి నీచమని కాదు ఆతని తలంపు. కష్టమంతయు తనదై, ఫలమంతయు పరులదగుట ఆతడు సహింపలేకపోయెను.

ఆతని మొదటి కార్యము మెచ్చదగినది కాదు. ధనవంతురాలును వితంతువునగు తన సోదరి యింటిలోని ధనమును నగలను బలాత్కారముగా హరించి, అనుచరులను గూర్చుకొని, తాటికొండపై చిన్నకోట కట్టెనని పారసీకభాషలో మొగలు చరిత్ర వ్రాసిన ఖాఫీఖాను తెలుపుచున్నాడు. మన గాయకులు ఈ భాగము నంతగా పాడరు. చరిత్ర వ్రాయువాడు దాటరాదు. హైదరాబాదు ఓరుగల్లుల నడుమ పోవు వర్తకులను దోచుచుండగా ఫౌజుదారులును జమీందారులును గూడి ఆతనిని తఱిమిరి. ఆతడు దూరముననున్న కౌలాసునకు (నేటి కామారెడ్డి జిల్లాలోనిది) పోయి, అచ్చటి జమీందారైన వెంకటరావు కొలువున సైనికుడై, మరల దోపిడికి దిగి చెఱసాల పాలయ్యెను. జమీందారుని కుమారుడు రోగపీడితుడు కాగా, బందీలను విడిచిన పుణ్యమున బిడ్డ కోలుకొనునని తల్లి నమ్మి వారిని విడిపించెను. ఒక తల్లి దయవలన పాపన్న ప్రాణములతో బయటపడెను.

అచ్చటినుండి తిరిగివచ్చి తాటికొండకు సమీపమున షాపురమున, అనగా నేటి ఖిలాషాపురమున, స్థిరపడి సర్వడను సహచరునితో గూడి కోట నిర్మించెను. నీతిశాస్త్రకారులు రాజ్యమునకు ఏడంగములు చెప్పిరి: స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు. శాస్త్రము చదువని పాపన్న వీనిలో మూడింటిని శాస్త్రజ్ఞులకంటె చక్కగా సమకూర్చెను. దుర్గము కట్టెను. దోచిన ధనముతో కోశము నింపెను. ఆంగ్లేయ, డచ్చి వర్తకులయొద్ద రెండు గొట్టముల తుపాకులు 700 కొని దండమును సిద్ధపఱచెను. లంబాడి వర్తకుల యెద్దులు పదివేలకు మించి పట్టుకొని, వానిని కోటచుట్టు నున్న పొలములు దున్నుటకు పూన్చెను. ముట్టడి వచ్చిననాడు తుపాకులకంటె ముందు గింజలు కావలెనని ఎఱిగిన దూరదృష్టి యది. అయినను ఆ యెద్దులు కోల్పోయిన లంబాడీల జీవనోపాధి యేమయ్యెనని మనము మఱువరాదు.

ఆతని సైన్యమున గౌడులే కాక చాకలి, మంగలి, కుమ్మరి, మేదర, దూదేకుల వారును, ముసల్మానులును గలరని గాథలవలన తెలియుచున్నది. ఆ కాలమున ఇట్టి కూటమి అపూర్వము. ఇది మత యుద్ధమనువారును, ఒక కులపు తిరుగుబాటనువారును ఈ విషయము నాలోచింపవలెను.

ఆతని సన్నాహము త్వరలోనే పరీక్షకు వచ్చెను. కొలనుపాక ఫౌజుదారగు ఖాసింఖాను దండెత్తివచ్చి యుద్ధమున మడిసెను. అంతట హైదరాబాదు ఉపపాలకుడు రుస్తుం దిల్ ఖాను స్వయముగా వచ్చి రెండు నెలలు ముట్టడించెను. పాపన్న తప్పించుకొనగా కోటను మందుగుండుతో పేల్చివేసి మరలెను. పాపన్న తిరిగివచ్చి రాతితోను సున్నముతోను కోటను మునుపటికంటె దృఢముగా కట్టి ఫిరంగులు నిలిపెను. ఇంతలో సర్వడును పురదిల్‌ఖాను అను మఱియొక యనుచరుడును తమలోతాము కలహించి ద్వంద్వయుద్ధమున నొకరినొకరు చంపుకొనిరి. రుస్తుం దిల్ ఖాను మరల దండెత్తి, ఈసారి పాపన్న యిచ్చిన ధనము స్వీకరించి వెడలిపోయెను. ఏ ప్రభుత్వమునకు దేశము భయపడెనో, దాని సేనాని వెల యెంతయో పాపన్నకు తెలిసిపోయెను.

1707లో ఔరంగజేబు మరణించెను. కుమారులు సింహాసనమునకై పోరాడుచుండగా, 1708వ సంవత్సరమున మొహరము దినములలో పాపన్న రెండుమూడువేల పదాతులతోను నాలుగైదువందల రౌతులతోను ఓరుగల్లుపై పడెను. సహాయసేన రాకుండ దారులు మూసి, గోడలెక్కి, నగరమును కొల్లగొట్టెను. గౌరవకుటుంబముల స్త్రీలను బాలురను అనేకులను చెఱపట్టి షాపురమునకు తెచ్చెను. మఱుసటి యేట బహదూరుషా చక్రవర్తి హైదరాబాదునకు రాగా, పాపన్న 14 లక్షల రూపాయలను, సైన్యమునకు వలయు ఆహారసామగ్రిని సమర్పించి సత్కారవస్త్రమును పొందెను. తాళ్ళు గీయుటకు పుట్టిన వాడు చక్రవర్తి కొలువున వస్త్రము ధరించుట కులీనులకు తలవంపయ్యెను. చెఱపడిన స్త్రీల బంధువులు మొఱపెట్టుకొనిరి. పాపన్న అంతకుముందే 1708లో భువనగిరిపైనను దాడిచేసెను గాని ఓరుగల్లునందువలె విజయము లభింపలేదు. పాపన్నను పట్టి దండింపుమని సుబేదారు యూసుఫ్‌ఖానునకు ఆజ్ఞ యయ్యెను.

కోటకు పతనము వెలుపలినుండి రాలేదు. ఆతని భార్య సోదరుడు ఫౌజుదారు. ఆతనిని గూడ పాపన్న బంధించి షాపురమున నుంచెను. ఆ యిల్లాలు అన్నములో ఆకురాళ్ళు దాచి అన్నకు పంపెను. పాపన్న కోటలో లేని సమయమున బందీలు సంకెలలు కోసికొని, కావలివారిని జయించి, కోటను వశపఱచుకొనిరి. తిరిగివచ్చిన యజమానిని ఆతడు నిలిపిన ఫిరంగులే యెదుర్కొనెను.

ఆతడు మొదటి కోటయగు తాటికొండను ఆశ్రయించెను. నెలలకొలది ముట్టడి సాగెను. వెలుపలికి వచ్చినవారికి రెట్టింపు జీతమిత్తునని యూసుఫ్‌ఖాను ప్రకటింపగా, ఆకలిగొన్న సైనికులు పెక్కురు విడిచిపోయిరి. మందుగుండు నిండుకొనెను. గాయపడిన పాపన్న మాఱువేషమున వెడలి హసనాబాదు గ్రామమునకు చేరి, దప్పికతో ఒక గీతకార్మికుని కల్లు అడిగెను. వాడు ఆనవాలుపట్టి, మంచి కల్లు తెచ్చెదనని పోయి, ఆ బావమఱదికే వార్త నందించెను. 1710వ సంవత్సరమున పాపన్న వధింపబడెను. శిరస్సు ఢిల్లీకి పంపబడెను. కళేబరము హైదరాబాదు ద్వారమున వ్రేలాడదీయబడెను.

ఈ కడపటి వృత్తాంతమును మన సభలలో మాటుపఱచుట కలదు. మాటుపఱచరాదని నా మనవి. మనవాడే మనవానిని పట్టియిచ్చెనన్నది అవమానకరమే. కాని ఏల పట్టియిచ్చెనని విచారింపవలెను. గోడలు, గింజలు, తుపాకులు సమకూర్చిన పాపన్న జనపదమును, మిత్రుని సమకూర్చుకొనలేదు. సోదరి, భార్య, లంబాడి, చెఱలోని తల్లులు, వీరందఱును ఆతని బలమువలన నష్టపడినవారే. భయంకరమైన ప్రభుత్వమునకు వెఱచి రక్ష వెదకికొన్న వాడు తానును ఇతరులకు భయంకరుడైనచో, ఏడవ యంగమగు మిత్రుడు మిగులడు. అంగమొకటి లోపించిన రాజ్యము ఫిరంగులవలన నిలువదు.

అట్లని ఆతడు దొంగయని త్రోసివేయుటయు న్యాయము కాదు. ఆతనిని దొంగయని వ్రాసినవారు ఏలికల పక్షమువారు. ప్రజలు ఆతని పాటను తరతరములు పాడుకొనిరి. 1874లో బాయిలు అను ఆంగ్లేయుడు దానిని ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో ప్రకటించెను. నేడు తెలంగాణ ప్రభుత్వమే ఆతని జయంతిని జరుపుచున్నది. పుట్టుక నిర్ణయించిన హద్దును దాటవచ్చునని మొదట చూపినవాడగుటచేతనే యీ గౌరవము.

కులబాంధవులారా! ప్రభుత్వములు మాఱుచునే యుండును. కరవులు వచ్చుచునే యుండును. పాపన్నవలె ముందుగా మేల్కొనుట నేర్చుకొందము: పిల్లలకు చదువు, సంఘమునకు నిధి, ఇంటికి గింజలు. ఆతడు చేయనిదియు చేయుదము. పొరుగువాని యెద్దును కాక పొరుగువాని మనస్సును సంపాదింతము. దప్పికతో మన గడప త్రొక్కినవానికి మొదట దాహ మిత్తము. ఈ రెండును గూడిననాడే మన కోట నిలుచును.