ప్రశాంత చంద్ర మహలనోబిస్

పొయ్యి మీది అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి అన్నమంతా చూడనక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. అయితే లక్షల ఎకరాలలో పండే పంట ఎంతో, కొన్ని మడులను మాత్రమే చూసి చెప్పగలమా? చెప్పినా ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడంలో జీవితాన్ని గడిపిన శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్.

మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. ఆయనది బ్రహ్మసమాజంతో సంబంధం గల కుటుంబం. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదివి 1912లో పట్టా పొందారు. మరుసటి ఏడు పై చదువులకు ఇంగ్లండు వెళ్లారు. లండన్‌లో చేరాలన్నది ఆయన ఉద్దేశం. ఒకనాడు కేంబ్రిడ్జి చూడబోయి, తిరుగు రైలు తప్పిపోవడంతో ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. కింగ్స్ కళాశాల ఆయన మనసును ఆకట్టుకుంది. అక్కడే చేరి 1915లో చదువు ముగించారు.

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్నది. అందువల్ల స్వదేశ ప్రయాణం ఆలస్యమైంది. ఆ విరామంలో ఒక అధ్యాపకుడు కళాశాల గ్రంథాలయంలో ‘బయోమెట్రికా’ అనే పత్రిక సంపుటాలను ఆయనకు చూపారు. అది సాంఖ్యక శాస్త్రానికి సంబంధించిన పత్రిక. మహలనోబిస్ సంపుటాలన్నీ కొని, ఓడలో చదువుకుంటూ వచ్చారు. కలకత్తాలో భౌతికశాస్త్రం బోధిస్తున్నా, ఆయన మనసు అంకెల వైపే మళ్లింది.

1922లో ఉత్తర బెంగాల్‌లోను, 1926లో ఒరిస్సాలోను పెద్ద వరదలు వచ్చాయి. ఒరిస్సాలోని బ్రాహ్మణి నది అడుగు మెరకెక్కిందని, గట్లు ఇంకా ఎత్తు చేయాలని ఇంజనీర్లు భావించారు. ఆ ఆలోచన పొరపాటైతే ధనం వృథా అవుతుంది, ప్రజలకు వరద బాధా తప్పదు. మహలనోబిస్ సుమారు 60 సంవత్సరాల లెక్కలు తెప్పించి పరిశీలించారు. నది అడుగు నిజంగా మెరకెక్కి ఉంటే ఆ లెక్కలలో దాని జాడ కనిపించాలి. అది కనిపించలేదు. నది ఎగువ ప్రాంతంలో కురిసిన అధిక వర్షమే వరదకు కారణమని తేలింది. ఎగువన నీటిని నిలిపే ఆనకట్టలే తగిన మార్గమని ఆయన సూచించారు. మహానదిపై 1957లో ప్రారంభమైన హీరాకుడ్ ఆనకట్టకు ఆయన లెక్కలు కొంత ఆధారమయ్యాయి.

ఒక అభిప్రాయాన్ని ముందుంచుకుని, అది లెక్కల ముందు నిలుస్తుందో లేదో చూడటాన్ని పరికల్పన పరీక్ష అంటారు. వర్షం ఇంత పెరిగితే వరద ఎంత పెరుగుతుందని అంచనా కట్టే పద్ధతికి ప్రతిగమనం అని పేరు. పుస్తకాలలోని ఈ పద్ధతులు పల్లెల ప్రాణాలను కాపాడగలవని మహలనోబిస్ చూపారు.

1931లో ఆయన కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించారు. ప్రెసిడెన్సీ కళాశాలలోని ఒక గదిలో అది మొదలైంది. 1933లో సంస్థ తరఫున ‘సాంఖ్య’ అనే పత్రిక వెలువడింది.

1937లో బెంగాల్ జనపనార పంటను అంచనా వేసే పని ఆరంభమైంది. ప్రతి పొలానికీ వెళ్లి లెక్కించడానికి వేలాది మనుషులు కావాలి. ఖర్చు అపారం. కలిపి వండిన అన్నంలో మెతుకులన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. పొలాలు అలా ఉండవు. దారి పక్కన కనిపించిన మంచి మడులనే చూస్తే అంచనా తప్పుతుంది. అందుచేత చీట్లు తీసినట్లు, ప్రతి మడికీ ఎంపికయ్యే అవకాశం ఉండేలా నమూనాలను ఎన్నుకోవాలి. అప్పుడే సంభావ్యతా సూత్రాలను బట్టి అంచనాలో తప్పు ఎంత ఉండవచ్చో కూడా చెప్పగలం.

మనుషులు చేసే పొరపాట్లను కూడా మహలనోబిస్ మరువలేదు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపేవారు. ఆ రెండు లెక్కల మధ్య తేడా యాదృచ్ఛికంగా రాదగినదానికంటే ఎక్కువైతే, ఎక్కడో లోపం ఉన్నట్లే. కొద్ది మడులను చూసి పంటంతా ఎలా చెబుతారని కొందరు అధికారులు సందేహించారు. ఆయన ప్రతి ఏడూ సర్వేను కొంచెం కొంచెం విస్తరిస్తూ 1941 నాటికి బెంగాల్ అంతటా జరిపించారు. అజాగ్రత్తగా చేసిన పూర్తి లెక్క కంటే జాగ్రత్తగా తీసిన నమూనా మేలని రుజువు చేశారు.

1947లో దేశ విభజన కాలాన ఢిల్లీ ఎర్రకోటలో ఎంతోమంది శరణార్థులు తలదాచుకున్నారు. వారి సంఖ్య ఎవరికీ సరిగా తెలియదు. భోజనాల కంట్రాక్టర్లు చూపిన ఖర్చు చాలా ఎక్కువగా ఉంది. శరణార్థుల సంఖ్యను అంచనా వేయడానికి సాంఖ్యకులను పిలిచారు. భారతీయ సాంఖ్యక సంస్థతో చిరకాల సంబంధం గల జె. ఎం. సేన్‌గుప్తా వారిలో ఒకరు. ఒక మనిషికి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు అవసరమో తెలిసినదే. వాడినట్లు చూపిన మొత్తాన్ని దానితో భాగిస్తే మనుషుల సంఖ్య వస్తుంది. మూడు లెక్కలూ ఒకటి కాలేదు. బియ్యం ఖరీదైనది కనుక దానిని ఎక్కువగా చూపితే లాభం ఉంటుంది. ఉప్పు చవుక. దానిలో అబద్ధమాడి పొందేది లేదు. అందువల్ల వారు ఉప్పు లెక్కనే నమ్మారు.

మహలనోబిస్ ఎందరో యువకులను తీర్చిదిద్దారు. వారిలో సి. ఆర్. రావు ఒకరు. తెలుగు కుటుంబానికి చెందిన రావు నేటి కర్ణాటకలోని హడగలిలో 1920లో జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో మహలనోబిస్ సంస్థలో చేరారు. అనేక కొలతలను కలిపి రెండు సమూహాల మధ్య దూరాన్ని తెలుసుకునే పద్ధతిని మహలనోబిస్ 1936లో ప్రకటించారు. దానికి ‘మహలనోబిస్ దూరం’ అని పేరు. ఆ పద్ధతితో పనిచేయడానికే రావును ఆయన 1946లో కేంబ్రిడ్జికి పంపారు. రావు కూడా ప్రపంచ ప్రసిద్ధి పొందారు.

స్వాతంత్ర్యానంతరం, 1950లో మహలనోబిస్ కృషి ఫలితంగా జాతీయ నమూనా సర్వే ప్రారంభమైంది. పల్లెలలో, పట్టణాలలో ప్రజలు ఏమి తింటున్నారో, దేనికి ఎంత ఖర్చు చేస్తున్నారో దానివల్ల తెలియసాగింది. 1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికకు ఆయన రూపకల్పన చేశారు. భారీ పరిశ్రమలకు ఎక్కువ ప్రాధాన్యమిచ్చి వ్యవసాయాన్ని తగినంతగా పట్టించుకోలేదని ఆ ప్రణాళికపై విమర్శలు వచ్చాయి. 1968లో భారత ప్రభుత్వం ఆయనను పద్మవిభూషణ్‌తో గౌరవించింది.

మహలనోబిస్ 1972 జూన్ 28న, 79 ఏళ్లు నిండటానికి ఒక్క రోజు ముందు, కన్నుమూశారు. 2007 నుంచి ఆయన జన్మదినమైన జూన్ 29ని దేశమంతటా సాంఖ్యక దినంగా జరుపుతున్నారు.

ఒక అంకె వినగానే నమ్మడమూ సరికాదు, కొట్టివేయడమూ సరికాదు. ఎవరిని అడిగారు, వారిని ఎలా ఎన్నుకున్నారు, ఇందులో తప్పు ఎంత ఉండవచ్చు అని ఆలోచించడం మనం మహలనోబిస్ జీవితం నుంచి నేర్చుకోవలసిన పాఠం.